వేడెక్కని కంప్యూటర్ వేడి పేరుతో ఎందుకు ఆగిపోతోంది?

క్లుప్తంగా: కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే దుమ్ము, ఫ్యాన్, పేస్ట్ అంటూ వెతకడం మామూలే. అయితే ఆపే నిర్ణయం జరిగేది వేడి గురించి ఏదో ఒక సెన్సర్ ఇచ్చిన అంకెను బట్టి. ఆ అంకె ఎక్కడ పుట్టింది, దాన్ని చదివి ఆఫ్ చేసింది చిప్పా, ఆపరేటింగ్ సిస్టమా అన్నది ముందు తేల్చుకుంటే, నిజమైన వేడేదో తప్పుడు రీడింగేదో తెలుసుకోవడానికి బోర్డు మార్చేదాకా వెళ్లనక్కర్లేదు.

ఎండలు ముదరగానే రిపేరు షాపుల్లో ఒకే ఫిర్యాదు పదేపదే వినిపిస్తుంది: పని మధ్యలో సిస్టమ్ టక్కున ఆగిపోతోంది, కాసేపాగి ఆన్ చేస్తే మామూలుగా నడుస్తోంది. షాపువాళ్లు బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, ప్రాసెసర్ మీద, వేడిని కూలర్‌కు చేరవేసే పేస్ట్ మార్చి ఇస్తారు. దానితో తగ్గితే సరే. తగ్గకపోతే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) మారుతుంది, తర్వాత ర్యామ్, ఆఖరికి మదర్‌బోర్డు. ఈ వరుసలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఆగిపోయే ముందు ఏ సెన్సర్ ఎంత చూపించింది?

అంకె పుట్టే చోటు

మామూలు డెస్క్‌టాప్‌లోనే ఉష్ణోగ్రత కొలిచే చోట్లు చాలా ఉంటాయి. ప్రాసెసర్ లోపల కోర్లలో సెన్సర్లుంటాయి. గ్రాఫిక్స్ చిప్, ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ దేని సెన్సర్ దానికే. మదర్‌బోర్డు మీద, ముఖ్యంగా ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం దగ్గర, ఆవగింజంత థర్మిస్టర్లు అతికి ఉంటాయి. లాప్‌టాప్‌లో వీటికి తోడు బ్యాటరీకి, చార్జింగ్ సర్క్యూట్‌కు కూడా కొలత ఉంటుంది.

వీటిలో రెండు రకాలు ముఖ్యం. చిప్ లోపలివి డయోడ్ సూత్రం మీద పనిచేస్తాయి. సిలికాన్ జంక్షన్ మీద వోల్టేజి ఒక్కో డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. బోర్డు మీద ఎక్కువగా కనిపించేవి థర్మిస్టర్లు. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌ల నిరోధం ఉండే రకం బాగా వాడుకలో ఉంది. వేడెక్కేకొద్దీ ఆ నిరోధం పడిపోతుంది. అందుకే థర్మిస్టర్ వైరు తెగితే కంట్రోలర్‌కు అది గడ్డకట్టే చలిలా కనిపిస్తుంది, షార్ట్ అయితే మంటలా కనిపిస్తుంది.

తెగడానికీ షార్ట్ అవడానికీ మధ్య ఉండే లోపం మరీ చిక్కైనది. టీ ఒలికిన లాప్‌టాప్‌నే తీసుకోండి. తుడిచి, ఆరబెట్టాక అది మామూలుగానే ఆన్ అవుతుంది. కానీ థర్మిస్టర్ రెండు కాళ్ల మధ్య చక్కెర పొర ఎండి, కొద్దిగా కరెంటు పారే దారి మిగిలిపోతుంది. ఆ దారి నిరోధం కూడా 10 కిలో ఓమ్‌లే అనుకుంటే, 25 డిగ్రీల గదిలో సెన్సర్ 40 దాటి చూపిస్తుంది. గాలిలో తేమ పెరిగిన రోజున ఆ పొర ఇంకాస్త కరెంటు పారనిస్తుంది, అంకె ఇంకా పైకెక్కుతుంది. సముద్రపు గాలికి తుప్పు పట్టిన కనెక్టర్లలోనూ ఇలాంటి లీకేజీకి వీలుంది. వేసవిలో బాగానే ఉండి తొలకరికి మొరాయించే యంత్రాల విషయంలో ఈ కోణం ఒకసారి చూడటం మంచిది.

సెన్సర్ దగ్గర పుట్టిన అంకె నేరుగా తెర మీదికి రాదు. డెస్క్‌టాప్‌లో న్యూవోటాన్, ఐటీఈ లాంటి కంపెనీల పర్యవేక్షణ చిప్, లాప్‌టాప్‌లో ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ముందు దాన్ని చదువుతాయి. అక్కడినుంచి బయోస్ (బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాం) రాసిపెట్టిన ఏసీపీఐ పట్టికల (హార్డ్‌వేర్ వివరాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేవి) గుండా ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఆపై మనం చూసే సాఫ్ట్‌వేర్‌కు చేరుతుంది. ప్రతి మజిలీలోనూ తప్పు దొర్లడానికి చోటుంది.

ఆపింది ఎవరు?

వేడి పేరుతో జరిగే షట్‌డౌన్‌లు అన్నీ ఒకటి కావు. ఇంటెల్ ప్రాసెసర్లలో హద్దులు రెండంచెలుగా ఉంటాయి. చాలా మోడళ్లలో 100 డిగ్రీల దగ్గర ప్రాక్‌హాట్ అనే సంకేతం వస్తుంది. చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఆగిపోదు. అయినా వేడి పెరుగుతూనే పోతే థర్మ్‌ట్రిప్ అనే మరో సంకేతంతో కరెంటు సరఫరానే తెగిపోతుంది. ఈ రెండో హద్దును ఇంటెల్ పలు తరాల డేటాషీట్లలో సుమారు 130 డిగ్రీలుగా పేర్కొంది. అనవసరంగా ట్రిప్ కాకూడదనే మామూలు స్థాయికి అంత ఎత్తులో పెట్టింది. ఇది పూర్తిగా హార్డ్‌వేర్ చేసే పని. విండోస్‌కు తెలియదు, లినక్స్‌కు తెలియదు, ఎందుకు ఆగిందో లాగ్‌లో ఒక్క ముక్క కూడా మిగలదు.

ఇంకో రకం షట్‌డౌన్ ఆపరేటింగ్ సిస్టమ్ చేసేది. ఒక్కో థర్మల్ జోన్‌కు (ఒక సెన్సర్ కాపలా కాసే ప్రాంతానికి) క్రిటికల్ హద్దు ఎంతో ఏసీపీఐ పట్టికలో బోర్డు తయారీదారు రాసి ఉంచుతాడు. రీడింగ్ ఆ హద్దు దాటగానే సిస్టమ్ తనంతట తాను మూతపడుతుంది. లినక్స్ అయితే క్రిటికల్ ఉష్ణోగ్రత చేరింది, షట్‌డౌన్ చేస్తున్నాం అనే వాక్యాన్ని డిగ్రీలతో సహా కెర్నల్ లాగ్‌లో రాస్తుంది. విండోస్ అయితే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ పేరుతో 86 నంబరు ఈవెంట్ నమోదు చేస్తుంది. ఏ జోన్, ఎంత హద్దు అన్నది కూడా అందులో ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది 41 నంబరు ఈవెంట్ దగ్గర. దాన్ని చూసి పవర్ సప్లయ్ పోయిందని తీర్మానించేస్తారు. ఆ నంబరు చెప్పేది ఒక్కటే, కిందటిసారి సిస్టమ్ పద్ధతిగా మూతపడలేదని. ప్లగ్ పీకేసినా, కరెంటు పోయినా, థర్మ్‌ట్రిప్ అయినా అదే నంబరు పడుతుంది. 86 ఉంటే దారి దొరికినట్టే. 41 మాత్రమే ఉంటే వెతుకులాట అప్పుడే మొదలవుతుంది.

చిప్ చేసే షట్‌డౌన్‌కూ, ఆపరేటింగ్ సిస్టమ్ చేసేదానికీ మధ్యన లాప్‌టాప్ కంట్రోలరో, బోర్డు బయోసో చేసే షట్‌డౌన్ ఉంది. దాని జాడ మరుసటిసారి ఆన్ చేసినప్పుడు తెర మీద కనిపిస్తుంది. ఏసుస్ బోర్డుల్లో సీపీయూ ఓవర్ టెంపరేచర్ ఎర్రర్ అనే హెచ్చరిక అలాంటిదే. ఎఫ్1 నొక్కి దాటేయడం అలవాటైపోయి ఆ వాక్యాన్ని చదవకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఇంత కట్టుదిట్టం ఎందుకు వచ్చిందో తెలియాలంటే 2001కి వెళ్లాలి. ఆ ఏడాది సెప్టెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్, నడుస్తున్న ప్రాసెసర్ల మీదినుంచి హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) పీకేసి ఏమవుతుందో వీడియో తీసింది. పెంటియం 4 వేగం తగ్గించుకుని నడుస్తూనే ఉంది. పెంటియం 3 స్తంభించింది, కానీ చెడిపోలేదు. ఏఎండీ అథ్లాన్లు కాలిపోయాయి. వాటిలో కొత్తదానికి లోపల థర్మల్ డయోడ్ ఉన్నా, దాన్ని చదివి కరెంటు ఆపే బాధ్యత బోర్డుకు వదిలేశారు. బోర్డు స్పందించే లోపే చిప్ పోయింది. సెన్సర్ ఉండటం, దాని మాట వినేవాళ్లుండటం వేర్వేరు సంగతులని పరిశ్రమకు అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఆ తర్వాత ఏఎండీలోనూ రక్షణ చిప్ లోపలికే వచ్చింది.

మ్యాక్‌బుక్ 2006: వేడితో వచ్చిపోయే తప్పుడు వేడి

సెన్సర్ లోపం అసలు వేడిని ఎంత బాగా అనుకరిస్తుందో చెప్పడానికి 2006 మ్యాక్‌బుక్‌ను మించిన ఉదాహరణ లేదు. మే నెలలో మార్కెట్‌లోకి వచ్చిన ఈ ఇంటెల్ కోర్ డ్యుయో లాప్‌టాప్‌లు ఎండాకాలం ముగిసేలోపే వాటంతటవే ఆఫ్ అవడం మొదలుపెట్టాయి. చల్లారాక ఆన్ అవుతాయి, కాసేపు నడిచి మళ్లీ పడుకుంటాయి.

యంత్రాలను విప్పి చూసిన వినియోగదారులు ఒక వివరణ ఇచ్చారు. ఉష్ణోగ్రత సెన్సర్ తీగ హీట్‌సింక్‌కు మరీ దగ్గరగా వెళ్తోంది. హీట్‌సింక్ వేడెక్కి వ్యాకోచించినప్పుడు తీగకు తగులుతోంది. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు కరిగి, లోపలి రాగి లోహానికి ఆని షార్ట్ అవుతోంది. యంత్రం ఆగిపోతుంది. చల్లారాక హీట్‌సింక్ సంకోచిస్తుంది, తీగ విడిపోతుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆపిల్ ఆ అక్టోబరులో సిస్టమ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్‌కు 1.1 ఫర్మ్‌వేర్ అప్‌డేట్ విడుదల చేసింది. లోపలి పర్యవేక్షణ వ్యవస్థను మెరుగుపరుస్తుందని, అనుకోని షట్‌డౌన్‌ల సమస్యను పరిష్కరిస్తుందని దాని వివరణలో రాసింది.

యంత్రం వేడెక్కినప్పుడే ఆగింది, చల్లారితే నడిచింది. బయటినుంచి చూసే ఎవరికైనా అది అచ్చం వేడి సమస్యే. చల్లారితే పనిచేస్తోంది కాబట్టి వేడే కారణం అనే వాదన నిలబడదని ఈ ఉదంతం చెబుతుంది. మెటల్ వ్యాకోచానికి వదులయ్యే సోల్డర్ అతుకు అయినా, కదిలే కనెక్టర్ అయినా ఇదే లక్షణం చూపిస్తాయి.

అదే కంపెనీ 2009-2011 ఐమ్యాక్‌లలో ఇందుకు భిన్నమైన పోకడ కనిపిస్తుంది. పాత హార్డ్ డిస్క్ తీసి బయట కొన్నది పెడితే, డిస్క్ ఉష్ణోగ్రత కంట్రోలర్‌కు అందక ఫ్యాన్లు పూర్తి వేగంతో హోరెత్తేవి. రీడింగ్ రాకపోతే ఘోరమైనదే జరుగుతోందని అనుకోవడం ఆ డిజైన్ నియమం. కొన్ని యంత్రాలు ఆ అనుమానంతో ఫ్యాన్ పెంచుతాయి, కొన్ని ఏకంగా ఆగిపోతాయి, కొన్ని పట్టించుకోవు. ఏది జరుగుతుందన్నది తయారీదారు ఇష్టం.

చిప్ చెప్పేది అసలు ఉష్ణోగ్రతేనా?

పూర్తిగా కాదు. ఇంటెల్ కోర్ సెన్సర్ నేరుగా 62 డిగ్రీలు అని చెప్పదు. హద్దుకు ఇంకా 38 డిగ్రీల దూరం ఉంది అంటుంది. హద్దు 100 అని తెలిసిన సాఫ్ట్‌వేర్ 62 చూపిస్తుంది, 105 అనుకున్న సాఫ్ట్‌వేర్ 67 చూపిస్తుంది. కోర్ 2 ప్రాసెసర్ల కాలంలో డెస్క్‌టాప్ చిప్‌ల హద్దులను ఇంటెల్ బయటపెట్టకపోవడంతో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఊహించి వేసుకునేవాళ్లు. 2008లో గానీ కంపెనీ ఆ అంకెలు ప్రకటించలేదు. పైగా ఈ సెన్సర్లను హద్దు దగ్గర కచ్చితంగా ఉండేలా తయారుచేస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు చూపే అంకెల్లో కొన్ని డిగ్రీల తేడా మామూలు.

ఏఎండీ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 2017లో వచ్చిన రైజెన్ 7 1800ఎక్స్, 1700ఎక్స్ చిప్‌లు అసలు ఉష్ణోగ్రతకు 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్ కలిపింది 27. వేర్వేరు మోడళ్లకు ఫ్యాన్ నియంత్రణ ఒకేలా ఉండాలని చేసిన ఏర్పాటు అది. ఆ సంగతి తెలియని పాత సాఫ్ట్‌వేర్‌లో 60 డిగ్రీల చిప్ 80లా కనిపించి కొన్నవాళ్లను కంగారుపెట్టింది. అంతకుముందు ఏఎండీ టెన్‌హెచ్ తరం ప్రాసెసర్లలో, కొన్ని సాకెట్ల వాటికి, సెన్సర్ నమ్మదగ్గది కాదని కంపెనీయే దోషాల పట్టికలో 319వ అంశంగా ఒప్పుకుంది. లినక్స్ డ్రైవర్ నేటికీ ఆ చిప్‌ల మీద బలవంతం చేస్తే తప్ప లోడ్ కాదు. తప్పు అంకె చూపడం కన్నా ఏమీ చూపకపోవడమే మేలన్న ఆ నిర్ణయం సబబైనదే.

27.8 గుట్టు

లినక్స్‌లో సెన్సర్ల జాబితా చూసినవాళ్లకు చాలా డెస్క్‌టాప్‌ల మీద ఏసీపీఐ జోన్ ఎప్పుడూ 27.8 దగ్గరే కూర్చోవడం పరిచయమే. వీడియో ఎన్‌కోడింగ్ నడుస్తున్నా అంతే, తెల్లవారుజామున ఆన్ చేసినా అంతే. దశాంశంతో సహా ఉంది కదా అని కొలిచిన అంకెలా అనిపిస్తుంది. ఏసీపీఐ ఉష్ణోగ్రతను కెల్విన్‌లో పదో వంతులుగా రాస్తుంది, దాన్ని సెల్సియస్‌లోకి మార్చేటప్పుడు 273.2 తీసేస్తారు. 27.8కి 273.2 కలిపితే సరిగ్గా 301. బోర్డు తయారీదారు పట్టికలో 301 అని ఒక గుండ్రటి సంఖ్య రాసి వదిలేశాడు, అక్కడ సెన్సరే లేదు. కొన్ని బోర్డుల్లో కనిపించే 29.8, 16.8 కూడా ఇలాగే 303, 290 కెల్విన్‌లు.

ఇలాంటి మరికొన్ని అంకెలు గుర్తుపెట్టుకోదగ్గవి. 127, మైనస్ 128 అంటే ఎనిమిది బిట్లలో పట్టే చివరి అంకెలు. సాధారణంగా బోర్డు మీద ఏమీ తగిలించని పిన్‌నుంచి వస్తాయి. 255 అంటే ఆ ఎనిమిది బిట్లూ ఒకట్లే, కంట్రోలర్ జవాబివ్వలేదన్నమాట. మైనస్ 273 అంటే ఎస్‌ఎస్‌డీ సున్నా కెల్విన్ పంపిందని. తగిలించని పిన్ 127 చూపిస్తే నవ్వుకుని ఊరుకోవచ్చు. క్రిటికల్ హద్దు ఉన్న జోన్‌లోనే అలాంటి అంకె ఒక్క క్షణం వచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని నమ్మి మూతపడుతుంది. లాప్‌టాప్ స్లీప్‌నుంచి లేచిన వెంటనే ఆగిపోతుంటే అనుమానించాల్సింది దీన్నే. బయోస్ అప్‌డేట్‌తో సరయ్యే కేసులు ఎక్కువగా ఈ కోవలోవే.

నిజమైన వేడా, తప్పుడు రీడింగా?

తేల్చుకోవడానికి అన్నిటికన్నా నమ్మకమైన పరీక్షకు ఖర్చు లేదు. రాత్రంతా ఆఫ్‌లో ఉన్న యంత్రాన్ని పొద్దున్నే ఆన్ చేసి, నేరుగా బయోస్‌లోకి వెళ్లి అన్ని ఉష్ణోగ్రతలూ రాసుకోవాలి. బోర్డు సెన్సర్లు గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. ప్రాసెసర్ కొంచెం ఎక్కువ చూపడం సహజం. గాలితో చల్లబడే యంత్రంలో ఏదైనా గదికన్నా తక్కువ చూపిస్తే అది తప్పే. చల్లటి యంత్రంలో బోర్డు సెన్సర్ ఏదైనా 70 చూపిస్తే దొంగ దొరికినట్టే.

తర్వాత చూడాల్సింది అంకె కదిలే తీరు. ఒక్క సెకనులో 30 డిగ్రీలు ఎగబాకితే సెన్సర్ పోయిందనుకుంటారు, ప్రాసెసర్ కోర్ విషయంలో అది తప్పు. గోరంత సిలికాన్ మీద ఒక్కసారిగా భారం పడితే అంత దూకుడు సహజమే, భారం తీసేస్తే అంతే వేగంగా దిగుతుంది కూడా. బోర్డు మీది థర్మిస్టర్, ఎస్‌ఎస్‌డీ, హీట్‌సింక్ అలా దూకలేవు. వాటిలో ఉన్న లోహానికి, ప్లాస్టిక్‌కు వేడెక్కడానికి సమయం కావాలి. వీఆర్‌ఎం రీడింగ్ 48నుంచి 110కి ఎగిరి వెంటనే 48కి వచ్చిందంటే అక్కడ కదిలింది అతుకో, తీగో.

ప్రాసెసర్ 98 చూపిస్తుంటే హీట్‌సింక్ మాత్రం చేతికి చల్లగా తగిలే సందర్భం ఎక్కువ గందరగోళపెడుతుంది. సెన్సర్ తప్పు చెబుతోందనే అనిపిస్తుంది. ఎక్కువసార్లు అక్కడ సెన్సర్‌ది తప్పుండదు. వేడి హీట్‌సింక్‌కు చేరడం లేదు. ఇంటెల్ బాక్స్ కూలర్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి పూర్తిగా దిగకపోయినా, కూలర్ అడుగున ఒలవాల్సిన ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయినా, నీటి కూలర్ పంపు ఆగిపోయినా ఇదే దృశ్యం. విడదీసే ఆనవాలు భారం. పని పెంచితే అంకె పెరిగి, ఆపగానే దిగితే సెన్సర్ నిజమే చెబుతోంది. ఏం చేసినా అంకె కదలకపోతే సెన్సర్‌నే అనుమానించాలి.

అప్పటికీ తేలకపోతే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్‌తో ప్రతి రెండు సెకన్లకూ రీడింగులన్నీ ఫైల్‌లోకి రాయించి, యంత్రం ఆగేదాకా వదిలేయాలి. ఆగిపోయాక ఆ ఫైల్ ఆఖరి పది వరుసలు చాలు. అన్నీ నిలకడగా ఉండి ఒక్క గడి మాత్రమే ఎగిరితే సెన్సర్. అన్నీ కలిసి మెల్లగా పైకెక్కితే నిజమైన వేడి. ఏదీ కదలకుండా ఆగితే వేడి కథే కాకపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ ఓవర్‌లోడ్ రక్షణ, యూపీఎస్ పాత బ్యాటరీ, వదులు ప్లగ్ కూడా యంత్రాన్ని ఇలాగే ఆపుతాయి. ఎస్‌ఎంపీఎస్ లోపల దానికంటూ వేడి రక్షణ ఉన్నా మామూలు మోడళ్లలో ఆ రీడింగ్ బయటికి రాదు, అది వేరే తలనొప్పి.

ఆగకుండా నత్తనడక నడిచే లాప్‌టాప్‌లు కూడా ఈ కుటుంబంలోవే. ప్రాక్‌హాట్ తీగ రెండువైపులా పనిచేస్తుంది. చార్జింగ్ సర్క్యూట్ సెన్సర్ తప్పుడు కేక వేసినా, 50 డిగ్రీల దగ్గరున్న ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేసుకుంటుంది.

43 డిగ్రీల గదిలో

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల ఎండ మరో లెక్క తెస్తుంది. ఒకే పని, ఒకే ఫ్యాన్ వేగం ఉంటే ప్రాసెసర్ గదికన్నా ఎంత ఎక్కువ వేడెక్కుతుందన్నది దాదాపు మారదు. ఆ తేడా 55 అనుకుంటే 25 డిగ్రీల ఏసీ గదిలో చిప్ 80 దగ్గర ఉంటుంది. 43 డిగ్రీల గదిలో 98కి చేరుతుంది. హద్దుకు రెండు డిగ్రీల దూరం. అలాంటప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించుకుని తట్టుకుంటుంది. కానీ వేగం తగ్గించుకోలేని చోట్లున్న సెన్సర్లు, అంటే చార్జింగ్ సర్క్యూట్, బ్యాటరీ దగ్గరివి, ముందుగా హద్దు దాటుతాయి. అయిదారు డిగ్రీలు ఎక్కువ చూపే సెన్సర్ డిసెంబరులో ఎవరికీ తెలియకుండా గడిచిపోయి మే నెలలో షట్‌డౌన్‌గా బయటపడేది అందుకే. అలాంటి యంత్రానికి దుమ్ము దులిపితే తాత్కాలికంగా నయమవుతుంది, లోపం లోపలే ఉంటుంది.

హద్దు తీసేయవచ్చా?

లినక్స్‌లో క్రిటికల్ హద్దు దాటినా ఏమీ చేయొద్దని కెర్నల్ పారామీటర్‌తో చెప్పవచ్చు. విండోస్‌లో థ్రాటిల్‌స్టాప్ లాంటి సాఫ్ట్‌వేర్ బయటి ప్రాక్‌హాట్‌ను పట్టించుకోకుండా చేయగలదు. ఫలానా సెన్సర్ అబద్ధం చెబుతోందని పై పరీక్షల్లో రుజువైన డెస్క్‌టాప్‌లో ఇది పనికొచ్చే ఉపాయమే. చిప్ లోపలి థర్మ్‌ట్రిప్ ఎలాగూ సాఫ్ట్‌వేర్ మాట వినదు కాబట్టి ప్రాసెసర్ కాలిపోదు. లాప్‌టాప్‌లో మాత్రం ఈ పని చేయకూడదు. అక్కడ ఆ హద్దు కాపాడుతున్నది లిథియం బ్యాటరీని, చార్జింగ్ సర్క్యూట్‌ను కూడా కావచ్చు. వాటికి థర్మ్‌ట్రిప్ లేదు.

మరమ్మతుకు వెళ్లే ముందు రెండు పనులు ఇంట్లోనే చేసుకోవచ్చు. బయోస్‌ను తాజా వెర్షన్‌కు మార్చడం, లాప్‌టాప్ అయితే చార్జర్ తీసేసి పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి కంట్రోలర్‌ను రీసెట్ చేయడం. వాటితో పోకపోతే, బోర్డు మీది థర్మిస్టర్ చిప్ లెవెల్ పనివాళ్లు మార్చగలిగిన చిన్న భాగం. ప్రాసెసర్ లోపలి సెన్సర్ పోతే మాత్రం ప్రాసెసరే మార్చాలి. షాపుకు వెళ్లేటప్పుడు 86 నంబరు ఈవెంట్ వివరాలను, పొద్దున్నే బయోస్‌లో చూపిన అంకెలను ఫోన్‌లో ఫొటో తీసుకెళ్తే, పేస్ట్ మార్చి చూద్దాం అన్న దగ్గర మాట మొదలవదు, ఏ జోన్ అన్న దగ్గర మొదలవుతుంది.